అడవిని ఎవరి కళ్ళతో చూస్తున్నాం?

గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం ఇచ్చిన పుస్తకాలకంటే నన్ను గట్టిగా పట్టుకున్నవి వేరే ఉన్నాయి. అమెజాన్, ఒరినోకో, మలయా దీవుల అడవుల్లో తిరిగిన యూరప్ యాత్రికులు, ప్రకృతి శాస్త్రవేత్తలు రాసుకున్న పుస్తకాలవి. ఒకవైపు వాటిని చదువుతూ, మరోవైపు పిల్లల్ని వెంటబెట్టుకుని మారేడుమిల్లి కొండలెక్కుతూ నా వయసు గడిచింది. రెండూ కలిసి నాకు నేర్పింది ఒకటుంది. దట్టమైన అడవి అనగానే మన మనసులో మెదిలే బొమ్మ చాలావరకు వాళ్ళు గీసి ఇచ్చినదే. టీవీలో, పర్యాటక ప్రకటనల్లో, చివరికి మన పాఠాల్లో కూడా అదే బొమ్మ. అది ఎలా తయారైందో తెలియకపోతే మన ఇంటి పక్క అడవిని కూడా మనం చూడలేం. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు పనికొస్తాయని ఈ పాఠాలు రాస్తున్నాను.

1. ముందే విన్నది కళ్ళకు అడ్డం పడుతుంది.

1492లో కరీబియన్ దీవుల్లో దిగిన కొలంబస్ తన దినచర్యలో అక్కడ నైటింగేల్ పాడుతోందని రాసుకున్నాడు. అమెరికా ఖండాల్లో నైటింగేల్ లేదు. ఆయన విన్నది మరేదో పిట్ట. స్పెయిన్‌లో వసంతం అంటే నైటింగేల్ పాట, కాబట్టి అందమైన తోపు కనబడగానే ఆ పాట కూడా వినబడింది. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఇంటి నుంచి మోసుకెళ్ళిన చెవులతోనే విన్నాడంతే.

డార్విన్ సంగతీ కొంతవరకు ఇలాంటిదే. 1832 ఫిబ్రవరి చివర బ్రెజిల్‌లోని బహియాలో మొదటిసారి ఉష్ణమండల అడవిలో అడుగుపెట్టేనాటికి ఆయన, దక్షిణ అమెరికా అడవుల్లో తిరిగిన అలెగ్జాండర్ హంబోల్ట్ పుస్తకాలు దాదాపు నోటికి వచ్చేంతగా చదివి ఉన్నాడు. ఆ ఆనందం నిజమైనదే, సందేహం లేదు. అయితే ఆ ఆనందానికి మాటలు అందించింది హంబోల్ట్. డార్విన్ అక్క ఒకామె ఈ పోలికను పట్టేసి, ఫ్రెంచి మాటల అలంకారం ఎక్కువైందని ఉత్తరంలో సున్నితంగా హెచ్చరించింది కూడా.

2. మొదటి రోజు రాసిందానికీ, ఏళ్ళు గడిచాక రాసిందానికీ ఒకే విలువ కట్టకండి.

1848 మేలో ఇద్దరు ఇంగ్లిష్ యువకులు అమెజాన్ ముఖద్వారంలోని పారా రేవులో దిగారు. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌కు పాతికేళ్ళు, హెన్రీ వాల్టర్ బేట్స్‌కు ఇరవైమూడు. డబ్బున్న కుటుంబాలు కావు. కీటకాలు, పక్షులు సేకరించి లండన్‌కు అమ్ముకుంటూ ఆ రాబడితోనే ప్రయాణం సాగించాలని వచ్చినవాళ్ళు. పుస్తకాల్లో చదివినదాన్ని బట్టి చెట్టు చెట్టుకూ రంగురంగుల పూలు, కొమ్మ కొమ్మకూ చిలకలు, కోతులు ఉంటాయని వాలెస్ అనుకున్నాడు. తీరా చూస్తే అంతా ఆకుపచ్చే. తొలి రోజుల్లో కలిగిన ఆ నిరాశను ఆయన దాచకుండా రాశాడు. ముప్పయ్యేళ్ళ తర్వాత, 1878లో, ఉష్ణమండల ప్రకృతి గురించే ఒక పుస్తకం వెలువరించి అందులో తేల్చి చెప్పాడు: పూల రంగులు పరుచుకుని కనిపించేది చల్లని దేశాల పచ్చికబయళ్ళలో, కొండవాలుల్లో, భూమధ్యరేఖ దగ్గరి అడవిలో పువ్వు అరుదు, పచ్చదనమే రాజ్యం. అక్కడ జాతులు లెక్కలేనన్ని, కాని ఒక్కో జాతి మొక్కలు దూరదూరంగా చెదిరి ఉంటాయి. అందుకే ఒకే పువ్వు గుంపుగా కనబడదు.

మారేడుమిల్లిలో పిల్లలు ప్రతిసారీ నన్ను అడిగే మాట ఇదే: "ఏమీ కనబడట్లేదేంటి సార్?" వాలెస్ కథ వాళ్ళకు చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం అడవి లోపల ఎందుకంత నిశ్శబ్దమని అడిగితే డార్విన్ సంగతి చెప్పేవాణ్ణి. బహియాలో కీటకాల రొద తీరానికి దూరంగా లంగరు వేసిన ఓడ దాకా వినిపించేదట. అడవి నడిబొడ్డులో మాత్రం నిశ్శబ్దం. ఈ రెండూ ఒకేచోట ఉండడం ఆయన్ను అబ్బురపరిచింది.

వాలెస్ నాలుగేళ్ళకు తిరుగుముఖం పట్టాడు. 1852 ఆగస్టులో నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుని ఆయన సేకరణ చాలావరకు బూడిదైంది. బేట్స్ అక్కడే పదకొండేళ్ళు ఉండిపోయాడు. తెచ్చిన జాతులు 14,712, అందులో సుమారు ఎనిమిది వేలు శాస్త్రానికి అప్పటిదాకా తెలియనివి. ఒక జాతి సీతాకోకచిలుక పక్షులకు రుచించని మరో జాతి వేషం వేసుకుని బతికిపోతుందని ఆయన కనిపెట్టాడు. దారినపోయే యాత్రికుడి కంటికి ఆ తేడా ఆనదు. ఒకే బాటలో రోజూ నడవాలి, ఒకే రెక్కను వందసార్లు చూడాలి.

3. అడవికి మన నీతిని అంటగట్టకండి.

బుర్‌మైస్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త బ్రెజిల్ అడవిని చూసి బాధపడ్డాడు. ఒక చెట్టును మరో చెట్టు తొక్కుకుంటూ పైకి పోవడం, తీగ తనను మోస్తున్న మానునే పిసికి చంపడం ఆయనకు స్వార్థంగా, కపటంగా తోచింది. యూరప్ అడవి ప్రశాంతమైనదని ఆయన అభిప్రాయం. బేట్స్ దీన్ని తన 1863 పుస్తకంలో ప్రస్తావించి, చెట్టును చుట్టి చంపే ఆ తీగను దగ్గర నుంచి వర్ణించి, పోటీ అన్ని అడవుల్లోనూ ఉందనీ ఇక్కడ అది బయటికి కనిపిస్తుందనీ జవాబిచ్చాడు. బేట్స్ వైపే నేను. మన మర్రి విత్తనం తాటిచెట్టు మీద మొలిచి దాన్ని కౌగిలించుకుని పెరుగుతుంది. మన ఊళ్ళో దాన్ని ఎవరూ దుర్మార్గమనలేదు, దండం పెట్టుకున్నారు.

స్వర్గం అన్నవాళ్ళూ, నరకం అన్నవాళ్ళూ చాలాసార్లు ఒకే మనుషులు. ఓడ దిగిన వారం స్వర్గం, జ్వరం వచ్చిన వారం నరకం.

4. దోమల గురించి రాసినవాడి మాట నమ్మొచ్చు.

హంబోల్ట్, ఆయన తోటి యాత్రికుడు బాన్‌ప్లాన్ 1800లో ఒరినోకో నది మీద పడవలో నెలల తరబడి వెళ్ళారు. ఆ ప్రయాణం గురించి హంబోల్ట్ రాసిన పుస్తకంలో నాకు ఎంతో ఇష్టమైన భాగం దోమల గురించినది. పగటి దోమ వేరు, సంధ్యవేళ దోమ వేరు, రాత్రి దోమ వేరు. కళ్ళకు గంతలు కట్టినా కుట్టే తీరును బట్టి వేళ చెప్పొచ్చని రాశాడు. పొద్దున్నే ఎదురుపడిన మనుషులు రాత్రి దోమలు ఎలా ఉన్నాయని పలకరించుకుంటారనీ రాశాడు. మొక్కల్ని ఎండబెట్టుకోవడానికి బాన్‌ప్లాన్ స్థానికులు వాడే ఊపిరాడని పొగ గూటిలోకి పాకి వెళ్ళేవాడు. తన ఒంటికి జరిగినదాన్ని ఇంత ఓపికగా గమనించి రాసినవాడు చెట్టు గురించి రాసినప్పుడు నాకు నమ్మకం కలుగుతుంది. కష్టం లేకుండా అందమే ఉన్న పుస్తకాన్ని జాగ్రత్తగా చదవండి.

5. పచ్చదనం చూసి నేల సారాన్ని లెక్కగట్టకండి.

ఈ పొరపాటు ఖరీదు ఇప్పటికీ ప్రపంచం చెల్లిస్తోంది. అంతంత మానులు పెరిగాయంటే నేల ఎంత సారవంతమో అని దాదాపు అందరూ అనుకున్నారు. వాలెస్ కూడా ఆ అడవిని ఇంగ్లండులో కంటే సగం శ్రమతో పచ్చికబయళ్ళుగా, పొలాలుగా, తోటలుగా మార్చవచ్చని 1853లో రాశాడు.

అమెజాన్ మెట్ట నేలల్లో చాలాభాగం నిస్సారం. లక్షల ఏళ్ళుగా కురుస్తున్న వాన లవణాలను కడిగేసింది. ఆ అడవి రోజుకూలీ ఇల్లు లాంటిది: వచ్చింది వచ్చినట్టే వాడుకోవాలి, గాదెలో నిల్వ ఉండదు. రాలిన ఆకు త్వరగా కుళ్ళుతుంది, దాని సారాన్ని పైపైనే పరుచుకున్న వేళ్ళు, వేళ్ళను అంటిపెట్టుకున్న శిలీంధ్రాలు వెంటనే పీల్చుకుంటాయి. సంపద అంతా చెట్ల ఒంట్లోనే ఉంది. చెట్టు కొట్టి కాల్చేస్తే బూడిద రెండు మూడు పంటలకు సరిపోతుంది, ఆ తర్వాత ఏమీ మిగలదు.

హెన్రీ ఫోర్డ్ 1928లో తపజోస్ నది ఒడ్డున అడవి నరికించి రబ్బరు తోట, దానికో ఊరు కట్టించాడు. అడవిలో రబ్బరు చెట్లు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. తోటలో పక్కపక్కనే నాటేసరికి ఆకుమచ్చ తెగులు ఒకదాని నుంచి ఒకదానికి పాకిపోయింది. 1945లో అదంతా బ్రెజిల్ ప్రభుత్వానికి అప్పగించి ఫోర్డ్ కంపెనీ వెళ్ళిపోయింది. ఆ చెట్లు ఎందుకు దూరదూరంగా ఉన్నాయో రబ్బరుపాలు గీసే కూలీలను ముందు అడిగి ఉంటే బాగుండేది.

6. "మనిషి అడుగుపెట్టని అడవి" అన్న మాట కనబడితే అక్కడ ఆగండి.

పుస్తకాల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. కన్యావనం, ఆదిమారణ్యం, సృష్టి మొదటి రోజున ఉన్నట్టే ఉన్న అడవి అని ఎందరో రాశారు.

1541-42లో స్పానిష్ యాత్రికుడు ఒరెయ్యానా బృందం అమెజాన్ మీదుగా సముద్రం దాకా వెళ్ళింది. వెంట ఉన్న కార్వహాల్ అనే పాద్రీ, దారిలో బాణం తగిలి ఒక కన్ను పోగొట్టుకున్నవాడు, ఆ ప్రయాణాన్ని రాసిపెట్టాడు. ఒడ్డుల వెంబడి ఊరు విడిచి ఊరు, లోపలికి పోయే బాటలు, గుంపులు గుంపులుగా జనం. ఆడ యోధుల కథ కూడా అందులో ఉండడంతో తర్వాతివాళ్ళు మొత్తాన్నీ కట్టుకథ అని పక్కన పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దంలో వెళ్ళిన శాస్త్రవేత్తలకు అక్కడ ఆ ఊళ్ళు కనబడలేదు, దట్టమైన అడవే కనబడింది.

మధ్యలో జరిగింది ఏమిటంటే మశూచి, తట్టు లాంటి కొత్త రోగాలు వచ్చాయి. బానిసల కోసం వేట సాగింది. జనం ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయారు. వాళ్ళ పొలాల మీద అడవి పెరిగింది. ఇప్పుడు బొగ్గు, కుండ పెంకులు, ఎముకలు కలిసిన నల్లమట్టి అమెజాన్‌లో చాలాచోట్ల బయటపడుతోంది. మనుషులు తరతరాలుగా తయారుచేసుకున్న సారవంతమైన నేల అది. 2022లో బొలీవియాలో, 2024లో ఈక్వడార్‌లోని ఉపానో లోయలో, ఆకాశం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన పటాలు వెలువడ్డాయి. ఉపానోలో ఆరు వేలకు పైగా మట్టి వేదికలు, వాటిని కలిపే తిన్నని బాటలు కనబడ్డాయి. ఆ ఊళ్ళ మొదలు రెండున్నర వేల ఏళ్ళ కిందటిది. కార్వహాల్ ఊళ్ళ గురించి చెప్పినది చాలావరకు నిజమేనని నేటి పురావస్తు పరిశోధకులు పలువురు ఒప్పుకుంటున్నారు.

అంటే ఆ యాత్రికులు సృష్టి మొదటి రోజు అనుకుని పరవశించిన చోట్లలో కొన్ని ఊళ్ళు పాడుబడిన చోట్లు. ఈ సంగతి తెలిశాక ఆ వర్ణనలు నేను మునుపటిలా చదవలేకపోయాను. మన కొండల గురించి కూడా "ఎవరూ లేని అడవి" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. అక్కడ కొండరెడ్లు ఉన్నారు, కోయలు ఉన్నారు.

7. తీసుకెళ్ళింది ఏమిటో, వదిలేసింది ఏమిటో చూడండి.

మరియా సిబిల్లా మెరియన్ యాభై రెండేళ్ళ వయసులో, 1699లో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని సురినామ్ వెళ్ళింది. ఏ రాజూ పంపలేదు, బొమ్మలు అమ్మి సొంత ఖర్చు మీద వెళ్ళింది. గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క, అన్నీ ఒకే చిత్రంలో గీసింది. 1705లో పుస్తకం వచ్చింది. పక్షిని పట్టిన పెద్ద సాలెపురుగును అందులో చూసి తర్వాతి శతాబ్దంలో కొందరు ఇంగ్లిష్ శాస్త్రవేత్తలు ఆమెను ఎద్దేవా చేశారు. బేట్స్ అమెజాన్‌లో అలాంటి సాలెపురుగుకు చిక్కిన పిట్టలను కళ్ళారా చూసి, ఆమె చెప్పినది నిజమేనని రాశాడు.

ఆ పుస్తకంలో మన రత్నగంధి ఉంది. మన పెరళ్ళలో, గుడి ఆవరణల్లో ఎర్రగా పసుపుగా పూసేదే. డచ్ తోటల యజమానుల దగ్గర బానిసలుగా ఉన్న స్త్రీలు, తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని ఈ గింజలతో గర్భం పోగొట్టుకునేవారని మెరియన్ రాసింది. ఆ మాట వాళ్ళే తనతో చెప్పారని కూడా రాసింది. పువ్వు అందం కోసం ఆ మొక్క లోకమంతా తోటల్లోకి వెళ్ళింది. ఆ స్త్రీల మాట ఆ పుస్తకంలోనే ఉండిపోయింది. నేను ఈ మొక్క కుటుంబ లక్షణాలు ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పాను. ఇప్పుడు చెప్పేవాళ్ళు ఆ స్త్రీల సంగతి కూడా చెప్పాలి.

సింకోనా కథ ఇంకో రకం. రిచర్డ్ స్ప్రూస్ 1860లో ఈక్వడార్ లోయల్లో, ఒళ్ళు సహకరించని స్థితిలో సేకరించిన ఎర్రబెరడు సింకోనా విత్తనాలు, మొక్కలు సముద్రాలు దాటాయి. వాటి సంతతి నీలగిరి తోటల్లో పెరిగింది. మలేరియాకు మందు మన దేశంలో తయారైంది, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆ బెరడు గుణాన్ని ఆండీస్ జనం ద్వారానే యూరప్ తెలుసుకుంది. మందు కోసం వాళ్ళకు ఎవరూ బాకీ తీర్చలేదు.

8. చెట్టెక్కినవాడు ఎవరో అడగండి.

అమెజాన్ కోతుల మీద వాలెస్ 1852లో ఒక వ్యాసం చదివాడు. ఒక పెద్ద నదికి ఈ గట్టున ఉన్న కోతి జాతి ఆ గట్టున ఉండదు, నదులే సరిహద్దులు అన్నది అందులోని ముఖ్యమైన సంగతి. జాతుల పుట్టుక గురించి ఆయన ఆలోచనకు అది పునాది. ఆ వ్యాసంలోనే ఆయన ఒప్పుకున్నాడు: అక్కడి వేటగాళ్ళకు ఇది బాగా తెలుసు, ఫలానా జంతువు కావాలంటే వాళ్ళు నేరుగా నది దాటి వెళ్తారు. ఈ ఒప్పుకోలు పాఠ్యపుస్తకాల్లో కనబడదు.

తర్వాత మలయా దీవుల్లో ఎనిమిదేళ్ళు తిరిగి వాలెస్ 1,25,660 నమూనాలు సేకరించాడు. సరావాక్ కుర్రాడు అలీ ఆయనకు వండిపెట్టాడు, పడవ నడిపాడు, పక్షుల్ని కొట్టి తెచ్చి చర్మం ఒలవడం నేర్చుకున్నాడు. 1858లో బచాన్ దీవిలో ఎవరూ వర్ణించని ఒక స్వర్గపక్షిని తెచ్చి చూపించింది అలీ. దాని శాస్త్రీయ నామంలో ఉన్న పేరు వాలెస్‌ది. వాలెస్ మాత్రం ఆ సంగతి దాచలేదు. తన ఆత్మకథలో అలీ ఫొటో అచ్చువేశాడు.

మన దేశంలో దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. కొచ్చిన్ డచ్ గవర్నర్ వాన్ రీడ్ 1678 నుంచి పన్నెండు సంపుటాలుగా వెలువరించిన మలబారు మొక్కల గ్రంథంలో వైద్యుడు ఇట్టి అచ్యుతన్ వాంగ్మూలం ఆయన లిపిలోనే అచ్చయింది. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు పేర్లూ ఉన్నాయి. మన వైపు, సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ గీయించిన కోరమాండల్ మొక్కల బొమ్మలు 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి, మొత్తం మూడు వందల పలకలు. తెలుగు పేర్లు శ్రద్ధగా రాసుకున్నాడు. మన సోమిద బెరడు జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందేమోనని పరీక్షించాడు. మంచి పనివాడు, ఆయనంటే నాకు గౌరవం. కాని ఆ బొమ్మలు వేసిన స్థానిక చిత్రకారుల పేర్లు ఆ పుస్తకంలో లేవు. మొక్కల పేర్లు చెప్పిన కాపువాళ్ళవి, కొండవాళ్ళవి అసలే లేవు.

9. అంతా కింద నిలబడే చూశారు.

అప్పటివాళ్ళ తప్పు కాదిది. పువ్వు ముప్పై మీటర్ల పైన ఉంటే మానును నరికితే గాని చేతికి అందేది కాదు. కీటక శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామాలో ఒకే జాతికి చెందిన పందొమ్మిది చెట్ల మీద కీటకనాశని పొగ వదిలి రాలినవాటిని లెక్కపెట్టి 1982లో ఆ ఫలితాలు ప్రచురించాడు. పెంకుపురుగుల వర్గంలోనే పన్నెండు వందల దాకా జాతులు తేలాయి. దాన్ని బట్టి ఆయన వేసిన మూడు కోట్ల జాతుల అంచనా మీద వాదాలు జరిగాయి, తర్వాతివాళ్ళు బాగా తగ్గించారు. అయినా అడవి జీవం పైకప్పులో ఎంత ఉందో అందరికీ అప్పుడే తెలిసివచ్చింది.

10. ఇన్ని చెప్పానని ఆ పుస్తకాలను అవతల పారేయకండి.

వెనెజ్వెలాలో వలెన్సియా సరస్సు ఎందుకు ఎండుతోందని అక్కడివాళ్ళు హంబోల్ట్‌ను అడిగారు. అడుగున ఏదో రంధ్రం ఉందని వాళ్ళలో కొందరి నమ్మకం. చుట్టూ కొండల మీద చెట్లు కొట్టేశారు, వాగుల్ని నీలిమందు తోటలకు మళ్ళించారు, కారణం అదేనని 1800లోనే ఆయన చెప్పాడు. ఒరినోకో ప్రయాణంలో, మిషనరీలు పట్టుకెళ్ళి బిడ్డల నుంచి విడదీసిన గువాహిబో తెగ తల్లి కథ విని దాన్ని కోపంతో, దుఃఖంతో రాశాడు. వాలెస్ ఆరూ దీవుల్లో తొలిసారి స్వర్గపక్షిని చేతిలోకి తీసుకున్నప్పుడు, నాగరికులు ఇక్కడికి చేరిన రోజున ఈ అందం ఉండదని బెంగపడ్డాడు. పైగా ఈ జీవులు మనిషి కోసం పుట్టినవి కావని రాశాడు. 1869 నాటి పుస్తకమది. వీటిని మన పిల్లలు చదవాలి, తెలుగులోకి రావాలి.

మారేడుమిల్లికీ, నల్లమలకూ వెళ్ళే విద్యార్థులకు, తీసుకెళ్ళే అధ్యాపకులకు నాదొక మనవి. ప్రాజెక్టు రిపోర్టులో లాటిన్ పేరు పక్కనే మీకు చెట్టును చూపించిన మనిషి చెప్పిన పేరు, ఆ మాట తెలుగు లిపిలో రాయండి. ఆయన ఒప్పుకుంటే ఆయన పేరు, ఊరు మొదటి పేజీలో, మీ పేర్ల వరసలోనే రాయండి. ఒక ప్రతి ఆ ఊరి బడికి ఇచ్చి రండి.